నెట్ పోయిందనగానే రీస్టార్ట్ అనని సపోర్ట్ వాళ్ళు, ఏడాది వాడాక నా రివ్యూ

మా ఆఫీసులో 32 సిస్టమ్స్, 2 ప్రింటర్లు, ఒక పాత స్కానర్, అందరి ఫైళ్ళూ ఉండే ఒక నాస్ పెట్టె, ఇంకా ఎవరూ ముట్టుకోవద్దని కాగితం అంటించిన, నెట్ పెట్టెలు పేర్చిన ఒక రాక్ ఉన్నాయి. ఐటీ మనిషి లేడు. అడ్మిన్ నేను చూస్తాను కాబట్టి కుర్చీ విరిగినా నా దగ్గరికే, నెట్ పోయినా నా దగ్గరికే. పోయినేడాది పాత సపోర్ట్ వాళ్ళని మానిపించి కొత్తవాళ్ళతో ఏడాదికి అగ్రిమెంట్ రాసుకున్నాం, ఇప్పుడది రెన్యువల్‌కి వచ్చింది, ఉంచాలా తీసేయాలా నువ్వే చెప్పు అన్నారు మా బాస్. దానికోసం ఏడాది టికెట్లన్నీ, అంటే వాళ్ళకి పెట్టిన కంప్లైంట్లన్నీ, కూర్చుని తిరగేశాను, ఎలాగూ తిరగేశాను కదా అని రివ్యూ కూడా రాసేస్తున్నా. వాళ్ళ పేరు రాయను, పాతవాళ్ళ పేరూ రాయను. పేరు తెలిసి మీకు ఒరిగేదేం లేదు, ఎవర్ని పెట్టుకున్నా పని ఎలా చేస్తున్నారో చూసుకోవాల్సింది మీరే.

పాతవాళ్ళ గురించి ఎక్కువ చెప్పను. ఏ కంప్లైంట్ ఐనా వాళ్ళ మందు ఒకటే, "ఒకసారి ఆపేసి ఆన్ చేయండి మేడం". తగ్గకపోతే విండోస్ మళ్ళీ ఎక్కించేవాళ్ళు. నిజం చెప్పాలంటే సగం సార్లు పని చేసేది కూడా, అందుకే రెండేళ్ళు భరించాం. కాకపోతే వారం తిరక్కుండా అదే మనిషి అదే కంప్లైంట్‌తో మళ్ళీ నా టేబుల్ దగ్గర నించునేవాడు.

కొత్త టీమ్ నుంచి మొదట వచ్చిన అబ్బాయి చేసిన మొదటి పనే నాకు నచ్చింది. మా అకౌంట్స్‌లో ఒకాయన సిస్టమ్ నత్తలా నడుస్తోందని కంప్లైంట్. "రోజూ షట్‌డౌన్ చేసే వెళ్తాను బాబూ, ఒక్కరోజు కూడా మర్చిపోను" అని ఆయన గట్టిగా చెప్తున్నారు. ఈ అబ్బాయి వాదించలేదు, టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో సీపీయూ మీద నొక్కితే కింద అప్‌టైమ్ అని ఉంటుంది చూడండి, అది చూపించాడు. 23 రోజులు! ఆయనకి కోపం వచ్చేసింది, నేనేమన్నా అబద్ధం చెప్తున్నానా అని. ఆయన చెప్పింది నిజమేనట, తిరకాసు విండోస్‌లో ఉంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి పెట్టారు, షట్‌డౌన్ కొట్టినప్పుడు మనం తెరిచిన ప్రోగ్రాములు మూసేస్తుంది గానీ లోపలున్న కెర్నల్‌ని (విండోస్ గుండెకాయ లాంటిది), డ్రైవర్లని ఉన్నవి ఉన్నట్టు డిస్క్‌లో దాచి పొద్దున్నే మళ్ళీ బయటికి తీస్తుంది, అందుకే టక్కున ఆన్ అవుతుంది, నిన్నటి రోగం కూడా అలాగే వెనక్కొస్తుంది. రీస్టార్ట్ కొడితేనే మొత్తం మొదట్నుంచి మొదలవుతుంది. అంటే రెండేళ్ళుగా పాతవాళ్ళు చెప్తున్న "ఆపేసి ఆన్" మాలో చాలామంది ఒక్కసారి కూడా నిజంగా చేయలేదన్నమాట. పవర్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి ఆ టిక్కు తీసేశాడు, ఆన్ అవడానికి కాసిన్ని సెకన్లు ఎక్కువ పడుతోంది, అంతకుమించి నష్టమేం లేదు.

ఫోన్ చేస్తే వీళ్ళు ముందు నాలుగు ప్రశ్నలడుగుతారు. ఒక్కరికేనా అందరికా? నెట్ మొత్తం రావట్లేదా, ఒక్క సైటేనా? కేబుల్‌లోనా వైఫైలోనా? నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది? మొదట్లో నాకు ఒళ్ళు మండేది, ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడన్నట్టు ఈ ప్రశ్నలేంటని. మూడు నెలలయ్యాక ఫోన్ చేసేముందే జవాబులు రాసి పెట్టుకోవడం అలవాటైపోయింది, ఇంకో విషయం ఏంటంటే ఆ జవాబులు రాస్తుంటేనే సగం సార్లు కారణం నాకే కనిపించేది.

పింగ్ కూడా వాళ్ళ దగ్గరే నేర్చుకున్నా, అవతలి మెషీన్‌ని పలకరించి జవాబొస్తుందో లేదో చూసే కమాండ్ అది. బ్లాక్ విండో తెరిచి ముందు 127.0.0.1, అంటే మన మెషీన్ తనని తాను పలకరించుకోవడం. తర్వాత గేట్‌వే, అంటే మన రూటర్. తర్వాత 8.8.8.8, అది గూగుల్ వాళ్ళ డీఎన్ఎస్ సర్వర్. చివరికి ఏదో ఒక సైట్ పేరు. ఎక్కడ జవాబు ఆగిపోతే రోగం ఆ మధ్యలో ఉన్నట్టు. 8.8.8.8 పలికి సైట్ పేరు పలక్కపోతే లైన్ బానే ఉంది, పేరుని నంబర్‌గా మార్చే డీఎన్ఎస్ దగ్గర చెడింది అని. పింగ్‌కి పలక్కుండా కట్టేసిన పరికరాలు కూడా ఉంటాయి కాబట్టి జవాబు రాకపోతే చచ్చిపోయిందని తేల్చేయొద్దు అని కూడా చెప్పారు. ఇది తెలిశాక ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేసి మీ లైన్ పోయింది అని అరవడం బాగా తగ్గించాను, ఎందుకంటే ఆ అరుపుల్లో చాలావాటికి కారణం మా రాక్‌లోనే ఉండేది.

ఇక ఆ కాన్ఫరెన్స్ రూమ్ రూటర్ కథ. ఈ టీమ్ మీద నాకు గురి కుదిరింది అక్కడే కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా. ఒక సోమవారం పొద్దున ఇద్దరికి నెట్ లేదు, పదకొండయ్యేసరికి ఐదుగురికి, మధ్యాహ్నానికి తొమ్మిది మందికి. వీళ్ళ పక్కనే కూర్చున్నవాళ్ళకి మాత్రం బ్రహ్మాండంగా వస్తోంది. ఇలాంటిదే అంతకుముందు పాతవాళ్ళ టైమ్‌లో ఒకసారి జరిగితే వైరస్ అని చెప్పి రెండు సిస్టమ్స్ ఫార్మాట్ కొట్టారు, అప్పుడు పోయిన ఫైళ్ళ గురించి ఆ ఇద్దరూ ఇప్పటికీ నన్నే అంటారు. ఈసారి వచ్చిన అబ్బాయి ఏదీ ముట్టుకోలేదు, నెట్ ఉన్న సిస్టమ్ ఒకటి, లేనిది ఒకటి పక్కపక్కన పెట్టి రెండిట్లోనూ ఐపీకాన్ఫిగ్ స్లాష్ ఆల్ కొట్టాడు, నెట్‌వర్క్‌లో ఆ సిస్టమ్‌కి ఏ నంబర్ అడ్రస్ ఉందో చూపించే కమాండ్. మా అడ్రస్‌లన్నీ 192.168.1తో మొదలవ్వాలి, నెట్ లేనివాటికి 192.168.0 ఉంది, గేట్‌వే కూడా 192.168.0.1 అని చూపిస్తోంది. "మేడం, ఆఫీసులో ఇంకెవరో అడ్రస్‌లు పంచుతున్నారు" అన్నాడు.

అది ఎలా జరుగుతుందంటే, సిస్టమ్ ఆన్ అవగానే నాకో అడ్రస్ ఇవ్వండహో అని నెట్‌వర్క్ అంతటికీ వినపడేలా కేకేస్తుంది, డీహెచ్‌సీపీ అంటే అదే, మామూలుగా ముందు ఎవరు పలికితే వాళ్ళిచ్చింది పుచ్చుకుంటుంది, నువ్వెవరు నీకేం హక్కు అని అడగదు. పాత అడ్రస్ గడువు ఇంకా ఉన్నవాళ్ళు బతికిపోయారు, కొత్తగా కేకేసిన వాళ్ళల్లో మా రూటర్ ముందు పలికితే నెట్, ఆ దొంగ పెట్టె ముందు పలికితే లేదు. అందుకే ఒక్కొక్కళ్ళుగా పడిపోయారు. ఆ తర్వాత ఏఆర్‌పీ అని ఒక కమాండ్ కొట్టి ఆ 192.168.0.1 తాలూకు మ్యాక్ అడ్రస్, అంటే తయారీలోనే పరికరానికి వేసే నంబర్, పట్టుకున్నాడు, అందులో మొదటి ఆరు అక్షరాలు బట్టి ఏ కంపెనీ తయారో తెలిసిపోతుందట, చూస్తే మా దగ్గర లేని కంపెనీ రూటర్. స్విచ్‌లోకి (అందరి కేబుళ్ళూ వచ్చి కలిసే పెట్టె) లాగిన్ అయి ఆ మ్యాక్ ఏ పోర్ట్‌లోంచి, అంటే కేబుల్ గుచ్చే ఏ కంతలోంచి, వస్తోందో చూశాడు, 14. అది ఏ గదికి వెళ్తుందో ఎవరికీ తెలీదు, ఎందుకంటే మా కేబుళ్ళకి లేబుళ్ళు లేవు (ఇప్పుడున్నాయి, అదీ వీళ్ళ పుణ్యమే). కేబుల్ పట్టుకుని గోడ వెంబడి పోతే కాన్ఫరెన్స్ రూమ్ టేబుల్ కింద తేలింది. వైఫై సరిగ్గా రావట్లేదని సేల్స్‌లో ఒకతను ఇంట్లో మూలన పడున్న రూటర్ తెచ్చి శనివారం పెట్టాడు, పాపం మంచి చేద్దామనే, కాకపోతే మా కేబుల్‌ని బయటి లైన్ పెట్టే చోట కాకుండా, లోపలి సిస్టమ్స్ కోసం ఉండే లాన్ పోర్ట్‌లో గుచ్చాడు, దాంతో అది ఆఫీసంతా నాదే అనుకుంది.

పెట్టె పీకేస్తే పని ఐపోయేదే. పీకేసి, పడిపోయిన తొమ్మిది మందికీ ఐపీకాన్ఫిగ్ రిలీజ్, రిన్యూ కొట్టించి (పాత అడ్రస్ వదిలేసి కొత్తది అడగడం), ఆగకుండా స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ అనేది ఆన్ చేశాడు, అంటే ఫలానా పోర్ట్‌లోంచి తప్ప ఇంకెక్కణ్ణుంచీ అడ్రస్‌లు పంచనివ్వకు అని స్విచ్‌కి చెప్పడం. కాన్ఫరెన్స్ రూమ్‌కి వైఫై ఇచ్చే సరైన యాక్సెస్ పాయింట్ ఒకటి పెట్టమని కూడా రాసిచ్చాడు, వైఫై రాకపోతే మళ్ళీ ఎవరో ఒకరు ఇంకో పెట్టె తెస్తారని. సాయంత్రం నాకో మెయిల్ వచ్చింది, నాలుగే ముక్కలు: ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఏం మార్చాం, మళ్ళీ వస్తే ఎలా గుర్తుపట్టాలి. ప్రతి టికెట్‌కీ ఇది వస్తుంది. నన్నడిగితే మేము డబ్బులిచ్చేది ఆ మెయిల్‌కే, రిపేర్లు ఎవరైనా చేస్తారు.

ఇదే డీహెచ్‌సీపీ ఇంకోసారి ఇంకోలా ఏడిపించింది. ఈసారి అడ్రస్ 169.254తో మొదలైంది. అలా కనిపిస్తే అడ్రస్ ఇచ్చే నాథుడు దొరక్క సిస్టమ్ తనకి తానే ఏదో ఒకటి పెట్టుకుందని అర్థం. మా రూటర్ పంచడానికి పెట్టుకున్నవి 100 అడ్రస్‌లు, ఒక్కోటి 8 రోజులు కదలదు, మనుషులు 32 మందే కానీ ప్రతి మనిషికీ ఫోను, కొందరికి రెండు, వచ్చిపోయే విజిటర్లు వేరే, పైగా ఇప్పటి ఫోన్లు ప్రైవసీ కోసం మారు మ్యాక్ పెట్టుకుంటాయి, అది మారినప్పుడల్లా కొత్త ఫోన్ కింద లెక్క. నూరూ ఐపోయాయి. విజిటర్లకి వేరే నెట్‌వర్క్ చేసి గడువు కొన్ని గంటలకి తగ్గించారు, ఆ తర్వాత మళ్ళీ రాలేదు.

లూప్ గురించి కూడా ఒక ముక్క. శుభ్రం చేస్తూ ఎవరో నేల మీద పడున్న కేబుల్ కొసని చక్కగా ఖాళీ పోర్ట్‌లో గుచ్చారు, రెండో కొస అప్పటికే అదే చిన్న స్విచ్‌లో ఉంది. పది సెకన్లలో ఆఫీసంతా చచ్చుబడింది, స్విచ్ లైట్లన్నీ పిచ్చెక్కినట్టు ఒకేసారి కొట్టుకుంటున్నాయి. ఈథర్‌నెట్‌లో, అంటే ఈ కేబుళ్ళ నెట్‌వర్క్‌లో, తిరిగే ఫ్రేమ్‌కి (డేటా ముక్క) ఇన్ని మలుపులు తిరిగాక చచ్చిపోవాలి అనే లెక్క లేదు, దారి గుండ్రంగా దొరికితే తిరుగుతూనే ఉంటుంది, ఒకటి పదై పది వందై మొత్తం నిండిపోతుంది. దీనికి విరుగుడు రేడియా పెర్ల్‌మన్ అనే ఆవిడ 1985లోనే కనిపెట్టింది, స్పానింగ్ ట్రీ అంటారు, లాగిన్ అయి సెట్టింగ్స్ మార్చుకోగలిగే మేనేజ్డ్ స్విచ్‌ల్లో ఉంటుంది, టేబుల్ కింద పెట్టుకునే చవక స్విచ్‌ల్లో చాలావాటికి ఉండదు. సపోర్ట్ అబ్బాయి ఫోన్‌లో "లైట్లన్నీ ఒకేలా కొట్టుకుంటున్నాయా మేడం" అని అడిగి అక్కణ్ణుంచే కారణం చెప్పేశాడు. నాలుగు నిమిషాల్లో ఐపోయింది.

ఇంక వాళ్ళు చేసిన ఘనకార్యాలు. ఇంటి నుంచి పనిచేసేవాళ్ళకి వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వేసే దారి) కనెక్ట్ అవుతుంది కానీ ఫోల్డర్ తెరుచుకోదు, అందరికీ కాదు కొందరికే. కారణం బానే పట్టారు, ఆ కొందరి ఇంటి రూటర్ కూడా 192.168.1 అడ్రస్‌లే ఇస్తుంది, ఆఫీసుదీ అదే, దాంతో సిస్టమ్ నాస్‌ని ఇంట్లోనే వెతుక్కుంటూ కూర్చుంటుంది. ఆఫీసు అడ్రస్‌లన్నీ వేరే వరసకి మార్చేద్దాం, ఆదివారం వచ్చి చేసేస్తాం అన్నారు. చేశారు. చేసి ఒక ప్రింటర్‌ని మర్చిపోయారు, దానికి అడ్రస్ చేత్తో పెట్టి ఉంది, అది పాత వరసలోనే ఒంటరిగా ఉండిపోయింది. సోమవారం బిల్లింగ్ వాళ్ళు మధ్యాహ్నం రెండింటి దాకా ఖాళీగా కూర్చున్నారు. అంత పెద్ద మార్పు చేసేవాళ్ళు ముందు లిస్ట్ రాసుకోరా? నాలుగు ముక్కల మెయిల్‌లో ఒప్పుకున్నారు లెండి, "ప్రింటర్‌ని లిస్ట్‌లో వేసుకోలేదు, తప్పు మాదే" అని, పాతవాళ్ళు చచ్చినా అలా రాసేవాళ్ళు కాదు.

ప్రింటర్ల గురించి చెప్పాలంటే ఏడాది టికెట్లలో మూడో వంతు అవే. ఎదురుగా లైట్ వెలుగుతూ ఉంటుంది, సిస్టమ్ మాత్రం ఆఫ్‌లైన్ అంటుంది. మా దాంట్లో రెండే కారణాలు. ఒకటి, ప్రింటర్ అడ్రస్ మారిపోయింది, సిస్టమ్ పాత అడ్రస్‌కే పంపుతోంది. దానికి రూటర్‌లో ఆ ప్రింటర్ పేరు మీద అడ్రస్ రిజర్వ్ చేయించుకుంటే సరి. రెండోది, ప్రింటర్ పోర్ట్, అంటే సిస్టమ్ ప్రింటర్‌ని చేరే దారి, డబ్ల్యూఎస్‌డీ అని దానంతటది పెట్టుకుంటుంది, అది తీసి అడ్రస్ మనమే ఇచ్చే మామూలు టీసీపీఐపీ పోర్ట్ పెట్టాక మా రెండూ నోరెత్తలేదు. క్యూలో ఒక ప్రింట్ ఇరుక్కుని డిలీట్ కూడా అవ్వకపోతే సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్ (ప్రింట్లని వరసలో పెట్టి పంపేది) ఆపి, విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ ఫోల్డర్ ఖాళీ చేసి, స్పూలర్ మళ్ళీ స్టార్ట్ చేయాలి. ఇది నాకే వచ్చేసింది, దీనికి టికెట్ పెట్టడం మానేశాను. స్పూలర్ ఆపకుండా ఆ ఫైళ్ళు తీయాలని చూస్తే మాత్రం పోవు.

ఒకావిడ సిస్టమ్‌లో పెద్ద ఫైళ్ళు కాపీ అవ్వడానికి అందరికన్నా పది రెట్లు టైమ్ పట్టేది, యాంటీవైరస్ అనీ హార్డ్ డిస్క్ అనీ పాతవాళ్ళు ఏడాది నెట్టుకొచ్చారు. ఈ అబ్బాయి లింక్ స్పీడ్ చూశాడు, 1000 మెగాబిట్లు, అంటే ఒక గిగాబిట్, ఉండాల్సింది 100 ఉంది. గిగాబిట్‌కి కేబుల్‌లో 8 తీగలూ కావాలి, 100కి 4 చాలు, అందుకే మిగతా నాలుగిట్లో ఒక తీగ తెగినా నెట్ పోదు, చప్పుడు చేయకుండా స్పీడ్ పడిపోతుంది. ఆవిడ కుర్చీ చక్రం రోజూ ఆ కేబుల్ మీదే తిరుగుతోంది. కేబుల్ మార్చారు, ఐపోయింది.

నాస్ దగ్గర మాత్రం వాళ్ళలోనే రెండు రకాల మనుషులున్నారని తెలిసింది. విండోస్ 11లో 24హెచ్2 అప్‌డేట్ వచ్చాక ఆరు సిస్టమ్స్‌లో నాస్ ఫోల్డర్ తెరుచుకోవడం మానేసింది. మా నాస్‌కి పాస్‌వర్డ్ లేదు, అందరూ గెస్ట్‌గా దూరిపోయేవాళ్ళం, ఆ అప్‌డేట్ నుంచి ప్రో ఎడిషన్‌లో అలా గెస్ట్‌గా వెళ్ళడం కుదరదు, ఎస్ఎంబీ (నెట్‌వర్క్‌లో ఫైళ్ళు పంచుకునే పద్ధతి) సైనింగ్, అంటే వచ్చే ప్రతి ముక్కా అసలుదేనా అని సరిచూసుకోవడం, కూడా తప్పనిసరి చేశారు. జూనియర్ అబ్బాయి వచ్చి ఏవో రెండు కమాండ్లు కొట్టి ఆ కట్టుబాట్లు తీసేశాడు, ఐదు నిమిషాల్లో ఫోల్డర్ తెరుచుకుంది, మేమంతా శభాష్ అన్నాం. వారానికి వాళ్ళ సీనియర్ ఆ మెయిల్ చూసి వచ్చి చేసిందంతా వెనక్కి తిప్పేశాడు, నాస్‌కి కొత్త ఫర్మ్‌వేర్ (పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కించి ఒక్కొక్కరికీ పేరూ పాస్‌వర్డూ చేశాడు, ఒక రోజంతా పట్టింది, అందరూ నన్ను తిట్టుకున్నారు. నేను మాత్రం సీనియర్ పక్షమే. వైఫై పాస్‌వర్డ్ తెలిసిన ప్రతివాడూ మా జీతాల షీట్ తెరవగలిగే స్థితిలో ఇన్నాళ్ళున్నాం అని అప్పటిదాకా నాకు తట్టనే లేదు. పాత స్కానర్ విషయంలో కూడా ఇంతే, దానికి ఎస్ఎంబీ వెర్షన్ 1 తప్ప రాదు, 2017లో ఫైళ్ళకి తాళం వేసి డబ్బులడిగిన వాన్నక్రై వైరస్ దూరింది ఆ కంతలోంచే కాబట్టి అది ఆన్ చేయం అని తెగేసి చెప్పారు. స్కానర్‌ని యూఎస్‌బీతో ఒక సిస్టమ్‌కి కట్టేశారు, కాస్త ఇబ్బందే, అలవాటైంది.

సాఫ్ట్‌వేర్ దగ్గరికొచ్చేసరికి వీళ్ళు వీక్. ఔట్‌లుక్ లాంటివి ఓకే, ఒకాయన మెయిల్ ఫైల్ 50 జీబీ దగ్గర పడి కొత్త మెయిల్స్ ఆగిపోతే (2010 వెర్షన్ నుంచి దాని మామూలు పరిమితి అంతేనట) సంవత్సరాల వారీగా విడగొట్టి ఇచ్చారు. ఇంకొకరికి ఏ సైట్ తెరిచినా సర్టిఫికెట్ ఎర్రర్ వస్తుంటే ముందు గడియారం చూశారు, తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కుంది, మదర్‌బోర్డ్‌లో గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ ఐపోయింది, మార్చారు. అక్కడిదాకా బాగుంది. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అంటే చాలు, "అది ఆ కంపెనీ వాళ్ళనే అడగాలి మేడం" అని చేతులు దులుపుకుంటారు. ఒకసారి సర్వర్ సిస్టమ్‌లో ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది, మిగతా ఏ సిస్టమ్‌లోనూ కనెక్ట్ అవ్వదు. వీళ్ళేమో సాఫ్ట్‌వేర్ ప్రాబ్లమ్ అంటారు, సాఫ్ట్‌వేర్ వాళ్ళు నెట్‌వర్క్ ప్రాబ్లమ్ అంటారు, 9 రోజులు నన్ను బంతిలా ఆడుకున్నారు, అందరూ ఆ ఒక్క సర్వర్ ముందు వంతులేసుకుని కూర్చున్నారు.

చివరికి విసుగొచ్చి వాళ్ళ నాలుగు ప్రశ్నలే నేను వేసుకున్నా. అందరికా ఒకరికా, అందరికీ. సర్వర్‌లో తెరుచుకుంటోంది, అంటే ప్రోగ్రామ్ బానే ఉంది, దారి మూసుకుంది. ఏం మారింది? పది రోజుల క్రితం రూటర్ మార్చారు, మార్చింది వీళ్ళే! రూటర్ మారితే విండోస్ అది కొత్త నెట్‌వర్క్ అనుకుంటుందట, అప్పుడు ఈ నెట్‌వర్క్‌లో మిగతావాళ్ళకి కనిపించాలా అని అడిగితే ఎవరో వద్దు అని నొక్కేశారు, దాంతో సర్వర్ తన నెట్‌వర్క్‌ని పబ్లిక్ అని రాసుకుంది, పబ్లిక్ అంటే రైల్వే స్టేషన్ వైఫై లాంటిదన్నమాట, ఫైర్‌వాల్ తలుపులు బిగించేసింది. సెట్టింగ్స్‌లో దాన్ని ప్రైవేట్‌కి మార్చాను, అరనిమిషం. ఆ రోజు నా నడక చూడాలి మీరు. వాళ్ళకి నాలుగు ముక్కల మెయిల్ నేనే రాసి పంపాను, మళ్ళీ వస్తే ఎలా గుర్తుపట్టాలో కూడా.

బ్యాకప్ విషయంలో మాత్రం దండం పెట్టాలి. చేరిన మొదటి వారమే "ఏదైనా పాత ఫైల్ పేరు చెప్పండి మేడం, బ్యాకప్‌లోంచి తీసి చూపిస్తా" అన్నారు. రాలేదు. డిస్క్ నిండిపోయి నాలుగు నెలలుగా బ్యాకప్ అవ్వట్లేదు, పచ్చ లైట్ మాత్రం వెలుగుతూనే ఉంది, ఆ లైట్ డిస్క్‌కి కరెంట్ ఉందని చెప్తుంది అంతే, మేము అదే చూసి నిద్రపోయాం. ఇప్పుడు మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఆఫీసు బయట, నెలకోసారి నా ఎదురుగా ఒక ఫైల్ వెనక్కి తీసి చూపిస్తారు. అలాగే ల్యాప్‌టాప్‌లన్నిటి బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీలు, 48 అంకెలవి, ఒకచోట చేర్చి పెట్టారు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ ఒకటి తప్పుగా వెళ్ళి 85 లక్షల విండోస్ మెషిన్లు నీలం తెరతో ఆగిపోయాయి కదా, మైక్రోసాఫ్ట్ చెప్పిన లెక్కే అది, సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఒక ఫైల్ తీసేస్తే చాలు, కానీ డిస్క్ లాక్ అయి ఉంటే అక్కడిదాకా వెళ్ళడానికే ఆ కీ కావాలి. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఐపోతుందని కూడా నాలుగు నెలల ముందే చెప్పి, ఏ ఐదు సిస్టమ్స్ విండోస్ 11కి పనికిరావో లిస్ట్ ఇచ్చారు.

తిట్టాల్సినవి ఇంకో మూడున్నాయి. ఒకటి, అగ్రిమెంట్‌లో 4 గంటల్లో రెస్పాన్స్ అని ఉంది, సంతకం పెట్టేటప్పుడు నేను రిపేరు అనుకున్నాను, రెస్పాన్స్ అంటే "మీ టికెట్ అందింది" అనే ఆటోమేటిక్ మెయిలట. ఎన్ని గంటల్లో బాగుచేస్తారో అది రాయించుకోండి. రెండు, కొత్తగా చేరిన ఒకబ్బాయి చాట్‌లో నా మెయిల్ పాస్‌వర్డ్ అడిగాడు. ఇవ్వలేదు, వాళ్ళ సీనియర్‌కి చెప్పాను, మీరు టైప్ చేస్తుంటే మేము తల తిప్పుకోవాలి, అడగడమే తప్పు అని వాళ్ళే క్షమాపణ చెప్పారు. రిమోట్‌లో కనెక్ట్ అయ్యేముందు మాత్రం ప్రతిసారీ కొత్త కోడ్ అడుగుతారు, తెరిచున్న ఫైళ్ళు మూసుకోమంటారు, అది మంచి అలవాటే.

మూడోది పెద్దది. రూటర్, స్విచ్, నాస్, అన్నిటి అడ్మిన్ పాస్‌వర్డ్‌లూ వాళ్ళ దగ్గరే ఉన్నాయి. నేను మూడుసార్లు అడిగాను, "సేఫ్‌గా ఉన్నాయి మేడం, మీకెందుకు శ్రమ" అంటారు. పెట్టెలు మావి, తాళాలు వాళ్ళవి. రేపు వీళ్ళని మార్చాలంటే పాతవాళ్ళప్పుడు పడిన పాట్లే మళ్ళీ, అప్పుడు రూటర్‌ని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టి మొదట్నుంచీ పెట్టుకోవాల్సి వచ్చింది.

నెట్‌వర్క్‌కి 5కి నాలుగున్నర, సాఫ్ట్‌వేర్‌కి రెండు, ఆ నాలుగు ముక్కల మెయిల్‌కి ఐదుకి ఐదు. ఉంచుదాం అనే చెప్పాను మా బాస్‌కి. అగ్రిమెంట్ కాగితాలు నా సొరుగులోనే ఉన్నాయి, శుక్రవారం వాళ్ళ సీనియర్ వస్తున్నాడు, అడ్మిన్ పాస్‌వర్డ్‌లున్న కవర్ నా టేబుల్ మీద పెట్టి, అవి నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో నేను లాగిన్ అయి చూసుకున్నాకే సొరుగు తీస్తాను.